శుక్రవారం దాక ఆగుర్రి

పెద్దమ్మ పోయిన కబురు నాకు చెవిన పడలేదు, కంటికి కనబడింది. బుధవారం పొద్దున మా ఒంటిగది ఖోలీ ముందు బిందె తోముకుంటున్నాను. గోడ అవతల కార్ఖానలో మరమగ్గాలు నడుస్తున్నాయి. మా పద్మనగర్‌లో మగ్గాలు నడుస్తుంటే ఎదురుగా నిలబడ్డ మనిషి మాట కూడా వినబడదు. అందుకే ఇక్కడ అందరికీ చేతులతో మాట్లాడుకునే అలవాటు. పై మెట్టు మీద ఆమె కోడలు నిలబడి నా వైపు చూసి, అరచేయి మెల్లగా వెల్లకిలా తిప్పింది. నాకు అర్థమైపోయింది. బిందె అక్కడే వదిలి, చేతులు కొంగుకు తుడుచుకుని, ప్రభువును తలుచుకుంటూ మెట్లెక్కాను.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. వాళ్లు పద్మశాలీలు, మేము చర్చికి పోయేవాళ్లం. వాళ్లూ మేమూ కరీంనగర్ దిక్కు నుంచి బతుకుదెరువుకు బొంబాయి పక్కనున్న భివండి వచ్చినవాళ్లమే. నేను పెళ్లయి వరస ఖోలీల ఈ చాలికి వచ్చిననాడు మెట్ల మీద నుంచి నన్ను పరీక్షగా చూసి ఆమె అడిగిన మొదటి మాట, "బిడ్డా, తెలుగు చదువొస్తదా?" అని. వస్తదన్నాను. "బతికించినవ్," అంది. ఎందుకలా అన్నదో అప్పుడు తెలియలేదు.

పెద్దమ్మ దగ్గర ఒక ఇనుప పెట్టె నిండా సస్పెన్స్ నవలలుండేవి. ఒకప్పుడు మా గల్లీ చివర అద్దెకు పుస్తకాలిచ్చే తెలుగు దుకాణం ఉండేదట. అది మూతపడ్డప్పుడు మిగిలినవి కొన్ని తెచ్చుకుంది. తర్వాత ఎవరు ఊరికి పోతున్నా, "నాకు తొక్కులు వద్దు, సకినాలు వద్దు. బస్టాండ్ కాడ పాత నవలలు దొరికితె తీస్కరాండ్రి," అని చెప్పి పంపేది. చాలా పుస్తకాలకు అట్టలు ఊడిపోయాయి. పేర్లు ఎవరికీ తెలియవు. లిఫ్టుల శవం, కవల డాక్టర్లు, ఉత్తరం రాసే చచ్చినామె, ఇవే వాటికి మా గల్లీలో పేర్లు.

మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్లమంతా ఆమె వరండాలో కూర్చునేవాళ్లం. కార్ఖాన నుంచి వచ్చిన బట్టకు వేలాడే దారాలను చిన్న కత్తెరలతో తెంపే పని మాది. ఆ పని చేతులకే గాని మనసుకు కాదు. అందుకని పెద్దమ్మ నవల చెప్పేది. మాలో సగం మందికి చదువు రాదు, వయసులో ఉన్న కోడళ్లు మరాఠీ బడిలో చదివారు. తెలుగు నవల వాళ్లకు చేరాలంటే ఒకటే దారి, పెద్దమ్మ నోరు. ఆ నోరు కూడా ఎలాంటిది! మగ్గాల మీదుగా వినబడే గొంతు అది. మా గల్లీలో ఇంకెవరికీ లేదు.

ఆ గొంతు వల్ల ఒకసారి పెద్ద చిక్కు వచ్చింది. కథ మంచి పాకాన పడింది, పెద్దమ్మ ముందుకు వంగి చేతులు తిప్పుతూ చెప్తోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆమె గొంతు మాత్రం ఆగలేదు. "శవాన్ని నీళ్ల ట్యాంకులనే పడేసినం, పోలీసోళ్లకు జన్మల దొరకది!" అన్న మాట గల్లీ మొత్తానికీ గంట కొట్టినట్టు వినబడింది. కింద కొత్తగా అద్దెకు దిగిన లెక్కల మాస్టారు కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్నాడు. బిందె వదిలేసి తలెత్తి చూశాడు.

"ఏ ట్యాంకు, పెద్దమ్మా?" అని అడిగాడు కుళాయి కట్టేస్తూ.

"నువ్వు తాగుతున్నది కాదు సారూ, పుస్తకంలది," అంది పెద్దమ్మ. మేం నవ్వీ నవ్వీ కత్తెరలు కింద పడేశాం. మాస్టారు ఆ రోజు ఎవరింట్లోనూ చాయ్ తాగలేదు. రెండు రోజులాగి మెట్లెక్కి వచ్చి, "ఆ శవం ఎవరిదో తెలిసిందా?" అని అడిగాడు. పెద్దమ్మ ఆ పుస్తకం ఆయన చేతిలో పెట్టి, "గిది చదివినంక నీకు కవల డాక్టర్లు ఇస్త. నీకు లెక్కలు చెప్పే మెదడు, పజిలున్నది కావాలె," అంది.

ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో ఆమెకు బాగా తెలుసు. మనిషికి ఎంత భయం సరిపోతదో అంతే ఇయ్యాలె, ఉప్పు లెక్క, అనేది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకు దయ్యాల బంగళా ఇవ్వదు. రాత్రిపాళీ మగ్గం నడిపే మగవాళ్లకు చిన్న చిన్న అధ్యాయాలున్నవి వెతికి ఇస్తుంది. మా వరండాలో ఒకామెకు అత్తతో రోజూ లొల్లే. ఆమె పాయసంలో విషం నవల చెప్పమని ఎంత బతిమాలినా పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నీకు దొంగతనం కతలే. మీ అత్త పోయినంక అడుగు," అంది. ఆ అత్త పక్కనే కూర్చుని దారాలు తెంపుతోంది. "గట్లయితె నువ్వు ఆ కత ఇన్నట్టే," అని ఆమె కోడలి వీపు మీద ఒకటి వేసింది.

నాకు మొదట్లో ఇవి చదవాలంటే మనసొప్పలేదు. హత్యల కథలు చదివి ఆదివారం చర్చిలో మోకరించడం తగునా అనిపించేది. ఆ మాట పెద్దమ్మతో అన్నాను. ఆమె నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "బిడ్డా, చంపినోడు చివరికి దొరుకుతడు గద. దొరకని పుస్తకం నా పెట్టెల ఒక్కటి లేదు. గది మీ దేవుడికి గూడ ఇష్టమే ఉంటది," అంది. నాకు ఆ మాటలో తప్పు కనబడలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు మా పాస్టరమ్మగారు పరామర్శకు వచ్చి, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ లిఫ్టుల శవం పుస్తకం ఖాళీగ ఉన్నదా అమ్మా?" అని మెల్లగా అడిగారు. పాటల పుస్తకం ఉన్న సంచిలోనే దాన్నీ పెట్టుకుని వెళ్లారు.

సరదాకు చదివే పుస్తకం మనిషికి ఏం చేస్తుందో నాకు ఆసుపత్రి బెంచీ మీద తెలిసింది. మా ఇంటాయనకు గుండె ఆపరేషన్ అయిన రోజది. ఆయనను లోపలికి తీసుకెళ్లారు. నేను బయట కూర్చుని ప్రార్థన చేస్తున్నాను. చేసిన ప్రార్థనే మళ్లీ మళ్లీ చేస్తూ, మాటలు తడబడి, చివరికి ఏం అడుగుతున్నానో నాకే తెలియని స్థితికి వచ్చాను. అప్పుడు పెద్దమ్మ షేరింగ్ ఆటోలు మారి మారి వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో ఒక నవల.

"మీ దేవుడికి చెప్పుకున్నవ్ గద?"

"చెప్పుకున్న పెద్దమ్మా."

"ఇన్నడు గద?"

"విన్నడనే అనుకుంటున్న."

"మరి ఆయన పని ఆయనను చేసుకోనియ్యి. నువ్వు గిది పట్టు."

పెద్ద బంగళాలో ఒక రాత్రి దీపాలారిపోయి, మళ్లీ వెలిగేసరికి ఇంటి యజమాని కనబడకుండా పోయే కథ అది. మొదటి పేజీ నాలుగుసార్లు చదివాను, తలకెక్కలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఆ ఇంట్లోకి వెళ్లిపోయానో తెలియదు. ఆ వంటామె ఎందుకు అబద్ధమాడుతోంది, తోటమాలి కాలికి ఆ మట్టి ఎక్కడిది అనుకుంటూ ఉండగా డాక్టరు బయటికొచ్చి, బాగానే జరిగిందని చెప్పాడు. అప్పుడు చూసుకుంటే నా ఊపిరి మామూలుగా ఆడుతోంది. ఒడిలో టిఫిన్ డబ్బా ఖాళీ. ఎప్పుడు తిన్నానో కూడా గుర్తు లేదు. పెద్దమ్మ పక్కన కూర్చుని కునుకు తీస్తోంది. ఆమెను లేపి విషయం చెబితే కళ్లు తుడుచుకుని, "ఎన్నో పేజీల ఉన్నవ్?" అని అడిగింది. "వేరేటోని కష్టం ఎనక ఉరికితె, మన కష్టం కొద్దిసేపు కూసుంటది బిడ్డా," అంది. ఆ మాటను నేను చాలామందికి చెప్పాను.

ఆమె కథ చెప్పడంలో ఒక కట్టుబాటు ఉండేది. వారమంతా మగ్గాల చప్పుడులో గొంతెత్తి చెప్పేది గాని, చివరి అధ్యాయం మాత్రం చెప్పదు. "ఇగ శుక్రవారం దాక ఆగుర్రి," అని పుస్తకం మూసేసేది. శుక్రవారం మా దగ్గర మగ్గాలకు సెలవు. ఆ రోజు గల్లీలో పిచ్చుక అరుపు కూడా వినబడుతుంది. ఆ రోజు ఆమె పుస్తకం తెరిచి, చివరి అధ్యాయాన్ని ఒక్కో వాక్యం చదివి వినిపించేది. కథ చెప్పేటప్పుడు సొంత మాటలు ఎన్నైనా కలిపేది గాని, ముగింపులో ఒక్క అక్షరం మార్చేది కాదు. వింటూ వింటూ మా కత్తెరలు ఆగిపోతే, తలెత్తకుండానే, "చేతులాగొద్దు! కార్ఖాన సేఠ్ నన్నంటడు," అని గదమాయించేది. మా చేతులు మళ్లీ కదిలేవి.

ఈ మధ్య ఆమెకు ఆయాసం ఎక్కువైంది. ఒక్క మాటకు ఒకసారి ఆగేది. అయినా రైల్లో మారిన పెట్టె నవల మొదలుపెట్టింది. కొత్త పెళ్లికూతురి పెట్టె రైల్లో మారిపోతుంది. ఇంటికొచ్చి తెరిస్తే అందులో నెత్తురంటిన మగవాడి చొక్కా. ఆ చొక్కాను చూసి ఆ ఇంట్లో ఒకరి ముఖం పాలిపోతుంది. ఎవరిదా ముఖం, భర్తదా, మరిదిదా, మేనమామదా? మంగళవారం మధ్యాహ్నానికి పెద్దమ్మ చివరి అధ్యాయం దాకా వచ్చి పుస్తకం మూసింది. అందరూ వెళ్లాక నన్ను ఉండమంది.

"నాకేమన్న అయితె శుక్రవారం నువ్వు చదువాలె."

"గట్లనకు పెద్దమ్మా. అయినా నా గొంతు ఎవరికి వినబడుతది? చర్చిల వాక్యం చదివితే రెండో వరుసకే వినబడదు."

"ముగింపుకు గొంతెందుకు బిడ్డా? శుక్రవారం కావాలె, గంతే," అంది. మళ్లీ ఆయాసపడి, "సగం కతతోని వీళ్లను ఇడిసిపెట్టి పోతె, వచ్చే జన్మ దాక నన్ను తిడుతరు," అని నవ్వింది. ఆ పెళ్లికూతురి సంగతి తేలకుండా పోతానేమోనన్నదే ఆమె దిగులు. నాకు అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. ఆమెకు నేను సరేనని చెప్పలేదు. చెప్పకుండానే మెట్లు దిగాను.

మరునాడు పొద్దున ఆమె కోడలు అరచేయి తిప్పింది.

శుక్రవారం ఇంట్లో మూడో రోజు పనులు అయ్యాయి. మధ్యాహ్నం ఎవరూ పిలవకుండానే ఆడవాళ్లంతా వరండాలోకి వచ్చి కూర్చున్నారు. తెంపాల్సిన బట్ట కూడా తెచ్చుకున్నారు, ఊరికే కూర్చోవడం చేతకాక. పెద్దమ్మ కూర్చునే చోటు మాత్రం ఖాళీగా వదిలారు. కోడలు లోపలి నుంచి ఆ పుస్తకం తెచ్చి నా ఒడిలో పెట్టింది.

పెద్దమ్మ పెద్దకొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. గోడ అవతలి కార్ఖానలో మగ్గం నడిపేది అతనే. "అమ్మ పోయి నిండ మూడొద్దులు గాలే. ఇంట్ల హత్యల కత చదువుతరా? నలుగురు ఏమంటరు?" అన్నాడు.

నేను పుస్తకం పక్కన పెట్టబోయాను. కోడలే అంది, "అత్తమ్మకు గిదే పురాణం. సగంల ఆపితే ఆమెకు శాంతి ఉంటదా?"

అతను గుమ్మంలోంచి కదిలాడు. వచ్చి పై మెట్టు మీద కూర్చున్నాడు. తల వంచుకుని, "ఆ చొక్కా మేనమామదే గద?" అన్నాడు.

అందరం అతని వైపు చూశాం.

"మగ్గం కాడ నిలబడి రోజు ఇన్న," అన్నాడు. "మా అమ్మ గొంతును గోడ గూడ ఆపకపోయేది." కళ్లు తుడుచుకున్నాడు. "కానియ్యి వదినా. చదువు."

నేను మనసులో ప్రార్థన చేసుకుని చివరి అధ్యాయం తీశాను. మొదటి వాక్యం నాకే సరిగ్గా వినబడలేదు. రెండో వాక్యం కొంచెం నయం. గల్లీలో మగ్గాలు లేవు, హారన్లు లేవు. నా చిన్న గొంతు వరండా చివర కూర్చున్న ముసలామె దాకా పోతున్నట్టు ఆమె తల ఊపుతుంటే తెలిసింది. మాస్టారు కూడా ఎప్పుడొచ్చాడో, కింద మెట్టు మీద ఉన్నాడు. పెళ్లికూతురు ఆ చొక్కాను అందరి ముందు పరుస్తుంది. ఒక్కొక్కరి ముఖం చూస్తుంది. కత్తెరల చప్పుడు టిక్కు టిక్కుమంటూ సాగుతోంది.

ఆ చొక్కా ఎవరిదో మీకు చెప్పను. పెద్దమ్మ ఒప్పుకోదు. మీకు ఎక్కడైనా అట్ట లేని పాత నవల దొరికి, అందులో రైల్లో పెట్టె మారితే, చదవండి. అందరికంటే తీయగా మాట్లాడేవాడి మీద ఒక కన్నేసి ఉంచండి. చివరి అధ్యాయాన్ని మాత్రం చప్పుడు లేని రోజుకు దాచుకోండి.

ఆ పేరు వచ్చే వాక్యం దగ్గరికి వచ్చాను. ఊపిరి తీసుకోవడానికి ఆగాను. అప్పుడు వినబడింది నాకు. కత్తెరలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. అందరి చేతులూ బట్ట మీద అలాగే ఉండిపోయాయి. చేతులాగొద్దన్న గదమాయింపు వస్తుందని అందరం ఒక క్షణం ఆ ఖాళీ చోటు వైపు చూశాం.