మట్టల ఆదివారం డ్యూటీ

"...అయితే ఏడాదిగా మందిరం మొగం సూడని మనిషికి మట్టలాదివారం సెలవిస్తారా మేడమ్? నా బిడ్డ ఆ పొద్దు మట్ట పట్టుకోని అందరికంటే ముందు నడస్తాది. నేనేమో ఈడ బీపీలు సూస్తా ఉండాల్నా?"

నర్సులు బట్టలు మార్చుకునే గది బయటే తబిత ఆగిపోయింది. ఆ గొంతు ప్రిస్కిల్లాది. వింటున్నది హెడ్ సిస్టర్ హన్నా. మందిరం మొగం చూడని ఆ మనిషి ఎవరో తబితకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మదనపల్లెలోని ఆ ఆసుపత్రిలో నర్సులంతా దాదాపు ఒకే క్రైస్తవ సంఘంవాళ్లు. ఆదివారం ఆరాధన అందరికీ కావాలి. వార్డుకు మాత్రం అన్ని రోజులూ ఒకటే. అందుకని వాళ్లలో వాళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒకరి ఆదివారం ఇంకొకరు చేస్తే బదులుగా ఆదివారమే ఇవ్వాలి. మంగళవారమో బుధవారమో ఇచ్చి సరిపెడితే కుదరదు. ఇది ఎక్కడా రాసుకునేది కాదు, మాట మీద నడిచేది.

తబిత ఆ మాటనే నమ్ముకుంది. రోగుల్ని ఎత్తీ దించీ ఆమె నడుము పోయింది. ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తే ఏదైనా కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతకొచ్చు. నిరుడు హాల్ టికెట్ చేతిలో ఉండి కూడా, ఆ ఆదివారం డ్యూటీకి బదులు మనిషి దొరక్క ప్రవేశ పరీక్షకు పోలేకపోయింది. అందుకే ఈ ఏడాదంతా అడిగినవాళ్లకల్లా తన ఆదివారాలు ఇచ్చేసింది. అందులో ఎక్కువ ప్రిస్కిల్లాకే.

చదువంతా పుంగనూరు బస్సులోనే. సీటు దొరికితే పుస్తకం, దొరక్కపోతే ఫోనులో పాత ప్రశ్నలు. ఇంటికి పోయేటప్పుడు ఖాళీ టమాటా క్రేట్లకు ఆనుకుని చదువుతూ చదువుతూనే కునికేది. పాసైతే మాకు సూది నొప్పి లేకుండా ఏస్తావా అమ్మా అని కండక్టర్ నారాయణప్ప ఎగతాళి చేసేవాడు.

పరీక్ష తేదీ వచ్చింది. ఈస్టర్‌కు ముందు, మట్టలు పట్టుకుని ఊరేగే మట్టల ఆదివారం. సెంటర్ కుప్పం. ఆ ఒక్క రోజు తన డ్యూటీ చేయమని తబిత ప్రిస్కిల్లాను అడిగింది.

లోపల హన్నా గొంతు తగ్గించి మాట్లాడుతోంది. తబిత చేసిన సాయం తాను కాదనడం లేదట. కానీ ప్రభువు కోసం చేసిన పనికి బదులు అడగరాదట. అయినా పాసైతే మనల్ని విడిచిపెట్టి పోయే మనిషి కోసం, పండగపూట బిడ్డ తల్లిని ఎట్లా ఆపేదని అంటోంది.

తబిత తలుపు తోసింది.

ప్రిస్కిల్లా వంగి చెప్పుల పట్టీ సర్దుకుంది. "ఇంకే ఆదివారమన్నా అడుగక్కా, చేస్తా," అంది. చేసేదే. ఆ మాటలో అబద్ధం లేదు.

"నువ్వు ఆడ పాటలు పాడతాంటే, ఈడ నీ వార్డులో ఉండింది నేనే గదా ప్రిస్కిల్లా."

హన్నా కల్పించుకుని, పోయిన నెల పాస్టరుగారు కూడా అడిగినారని చెప్పింది. తబిత సంఘం మారిందా అని.

"మీరేం జెప్పినారు మేడమ్?"

"నేనేం జెప్పేది. ఊరకుండాను."

ఏడాదిపాటు ప్రతి ఆదివారం డ్యూటీ చార్టు మీద సంతకం పెట్టింది హన్నానే. తబిత ఆమె మొహంలోకి చూసింది. హన్నా గోడ మీది చార్టు వైపు తిరిగి, సెలవు లేకుండా రాకపోతే ఏమవుతుందో నీకు తెలుసుగదా అంది. తెలుసు. అట్లా రానందుకే రమ్యశ్రీ అనే నర్సును మళ్లీ పనిలోకి తీసుకోలేదు.

తబిత తన సంచీ భుజానికి తగిలించుకుంది.

"నా పేరు చార్టులో అట్లే ఉండనీండి మేడమ్. ఆబ్సెంటని రాసుకోండి. ఆ పొద్దు నేను కుప్పం పోతాండాను."