పలకని డ్రైవర్

కోట ఊళ్ళో రొయ్యల మేత అమ్మే షాపులో బిల్లింగ్ కౌంటర్ వనజాక్షిది. చిట్టమూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది. చెరువుల రైతులు ఆమెను కంప్యూటరమ్మ అంటారు, ఆమె వద్దనదు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి పడే పాట్లు మాత్రం ఇన్నీ అన్నీ కావు. తెర మీద ఏ ఇంగ్లీషు ముక్క కనిపించినా, అర్థం కాకపోయినా సరే, తలూపుతూ పైకి చదివేస్తుంది.

ఆ ఉదయం బిల్లు మిషన్ మొరాయించింది. మేత బస్తాలు వ్యాన్ ఎక్కాయి, బిల్లు మాత్రం బయటికి రాదు. అంతలో యజమాని హజరత్తయ్య ఇంటినుంచి ఫోన్ చేశాడు.

"ఏందమ్మా, లోడు ఇంకా కదల్లేదంట?"

తెర మీద ఉన్న 'డ్రైవర్ నాట్ రెస్పాండింగ్' అన్న ముక్కనే వనజాక్షి తెలుగు చేసి చెప్పింది. "డ్రైవర్ పలకడం లేదు సార్."

ఫోన్ కట్టయింది.

వ్యాన్ నడిపే పెంచల్ వాకాడు దగ్గర చేపలు పట్టే ఇంటి మనిషి. ఒకప్పుడు తాగి బండి పక్కనే పడిపోయేవాడు. కూతురు పుట్టాక మానేశాడు. మానడానికి ఎంత యాతన పడ్డాడో షాపులో అందరికీ తెలుసు.

హజరత్తయ్య వస్తూనే రైతులందరి ముందూ అతన్ని నిలబెట్టాడు.

"మళ్ళీ మొదలుపెట్టినావా? పొద్దున్నే పలకలేనంత తాగినావా? ఏదీ, ఊదు!"

"తాగలేదు సార్."

"ఊదమంటే ఊదు!"

పెంచల్ ఊదాడు. వాసన లేదు. "ఏదో నమిలి వచ్చుంటావులే" అంటూ హజరత్తయ్య లోపలికి పోయాడు.

'నేను చెప్పింది మిషన్ డ్రైవర్ గురించి సార్' అని వనజాక్షి అంటే అయిపోయేది. కానీ మిషన్‌లో డ్రైవరేందని ఆయన అడిగితే? అంతమంది ముందు కంప్యూటరమ్మ ఏం చెప్పాలి? వనజాక్షి తల దించుకుని కీబోర్డు మీద దుమ్ము తుడిచింది. ఛీ, అక్కడ దుమ్ము కూడా లేదు.

తర్వాత మెకానిక్ ఫోన్‌లో దొరికాడు. "ముందు టెస్టు పెడదామమ్మా. ప్రింటర్ ఆఫ్ చేసి, పేపర్ బటన్ నొక్కిపట్టి ఆన్ చెయ్యండి" అన్నాడు. మిషన్ కరకరమంటూ అక్షరాలన్నీ అచ్చేసింది.

"ప్రింటర్ తప్పేమీ లేదు. కంప్యూటర్ మాట దానికి చేరడం లేదు, అంతే. ఆ మాట చేరవేసే ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. అది చెడితే అటూ ఇటూ బాగున్నా పని జరగదు. తీసేసి మళ్ళీ ఎక్కిద్దాం."

ఎక్కించారు. బిల్లు వచ్చింది. వనజాక్షికి చెవులు మండిపోతున్నాయి. ఇవాళ మాట చేరవేసింది తనే కదా. చెడింది తనే. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పెంచల్ కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"పెంచలూ, పొద్దున సార్‌తో నేను..."

"తెలుసక్కా. నువ్వు ఫోన్లో చెప్పేటప్పుడు నేనీడే ఉన్నా. మిషన్ను చూసి చెప్పినావు."

"మరి ఆయన ఊదమన్నప్పుడు ఆ మాట అనలేదేం?"

"తాగుబోతు మాట ఎవరు నమ్ముతారు? నువ్వు చెప్తావని నీ తట్టే చూస్తా నిలబడినా."

జేబులోంచి వ్యాన్ తాళం తీసి బిల్లు మీద పెట్టాడు.

"ఇప్పుడు చెప్పక్కా సార్‌కి, డ్రైవర్ లేడని."

అతను రోడ్డెక్కాక గానీ ఆమె కుర్చీలోంచి లేవలేదు. "సార్! పెంచల్ తాగలేదు సార్! డ్రైవరంటే ఏందో నాకే తెలీలేదు!" అని షాపంతా వినేలా అరిచింది. రైతులు గొల్లున నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుని తాళం పట్టుకుని బయటికి పరిగెత్తింది. పెంచల్ ఎక్కిన వాకాడు బస్సు అప్పటికే కదిలిపోయింది.