ముందు ఊళ్ళో చెప్పి రండి

మా కెమిస్ట్రీ సార్ పోయారన్న కబురు శుక్రవారం పొద్దున మేడమ్‌గారి ఫోన్‌తో తెలిసింది. సార్ భార్యని మేమంతా మేడమ్‌గారనే అంటాం. నేను కాలేజీకి బయల్దేరుతూ మా నాన్న మెకానిక్ షెడ్డు ముందు హెల్మెట్ పెట్టుకుంటున్నాను. “మీ సారు లేరమ్మా. కాఫీ కలిపి లేపబోతే లేవలేదు” అన్నారావిడ. “ఎల్లుండి ఊరికెళ్ళాలి గదండీ మేం” అన్నాను. “అవును. రాత్రి కూడా అదే చెప్పి పడుకున్నారు” అన్నారు. 

ఆ ఊరి ప్రయాణం ఏమిటో చెప్పాలంటే ముందు సార్ గురించి చెప్పాలి. నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ మాది. ఆయన అక్కడే పనిచేసి అక్కడే రిటైరయ్యారు. నేను అక్కడే ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు అక్కడే గెస్ట్ లెక్చరర్‌గా ఉన్నాను. రిటైరయ్యాక కూడా సార్ జీతం లేకుండా ల్యాబుకి వస్తూనే ఉన్నారు. బీఎస్సీ ఆఖరి సంవత్సరం పిల్లల చేత ప్రాజెక్టు చేయించడానికి. అది ఆయనకి ఎవరూ అప్పగించిన పని కాదు. డిగ్రీ పిల్లలకి పరిశోధన ఏమిటని స్టాఫ్ రూములో నవ్వేవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు, ఇప్పటికీ ఉన్నారు. ఆయన మాత్రం ఏటా కొందరిని వెంటబెట్టుకుని ఏదో ఒక ఊరు వెళ్ళి, బోర్ల దగ్గర నీళ్ళు పట్టించి, ల్యాబులో పరీక్ష చేయించేవారు. పల్నాడు బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలుసు. తమ వీధి బోరులో ఎంత ఉందో మాత్రం ఆ నీళ్ళు తాగేవాళ్ళకి తెలియదు. మా ప్రాజెక్టులన్నీ ఆ ఒక్కదాని గురించే.

మిగతా గ్రూపుల పిల్లలు బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో ప్రాజెక్టు కొనుక్కునేవాళ్ళు. పైన పేరు మార్చి స్పైరల్ బైండింగ్ వేసి ఇస్తారు. మా క్లాసులోనూ ఒకడు అలా కొనుక్కొచ్చాడు. సార్ దాన్ని మొదటినుంచి చివరిదాకా ఓపిగ్గా చదివారు. “ఒరేయ్, ఇందులో జాలర్లు, పడవలు, ఆటుపోట్లు అన్నీ ఉండయ్యి. మన పేటకి సముద్రం ఎప్పుడొచ్చిందిరా? చెబితే మేం కూడా పోయి చూసొచ్చేవాళ్ళం గదా” అన్నారు. అంతకుమించి తిట్టలేదు. ఆ మధ్యాహ్నమే వాణ్ణి స్కూటరెక్కించుకుని, సీసాలు పెట్టిన కూల్‌డ్రింకుల ట్రే ఒళ్ళో పెట్టుకోమని, తీసుకుపోయారు. ఆ సంవత్సరం అందరికంటే ఎక్కువ ఊళ్ళు తిరిగింది వాడే.

సార్‌ది క్రోసూరు పక్క వ్యవసాయ కుటుంబం. మిరపతోట గురించీ మాలిక్యూల్ గురించీ ఒకే గొంతుతో మాట్లాడేవారు. సీసాలో నీళ్ళు పట్టేముందు ఆ నీళ్ళతోనే దాన్ని కడగమనేవారు. బోరు దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉంటే, వాళ్ళందరి వంతూ అయ్యేదాకా మమ్మల్ని ముందుకి పోనిచ్చేవారు కాదు. “వాళ్ళయి తాగే నీళ్ళు. మనయి కొలిచే నీళ్ళు. మనం ఆగొచ్చు” అనేవారు. ల్యాబులో మాకు పిపెట్‌ అనే గాజు గొట్టంలోకి ద్రవాన్ని నోటితో పీల్చడమే అలవాటు. రంజాన్ నెలలో నేను దాన్ని చేతిలోకి తీసుకోగానే, “రోజా ఉండావు గదమ్మా, ఇటియ్యి” అని తీసుకుని ఆయనే పీల్చేవారు. నాకు గుర్తుండదేమోనని కాదు, నేను మొహమాటపడి ఎక్కడ పీలుస్తానోనని. లెక్క సరిగ్గా రాక, పక్కవాళ్ళ అంకె చూసి వేసుకోబోతే మాత్రం ఒప్పుకునేవారు కాదు. “రాకపోతే రాలేదని రాయండి. రానిది వచ్చినట్టు రాస్తే, దాన్ని ఎవరో ఒకరు నమ్మి తాగుతారు” అనేవారు. ఆ మాట విన్నాక నేను ఏ కాగితం మీదా తేలిగ్గా అంకె వేయలేకపోయాను. ఈ రోజుల్లో ఉద్యోగం చేసుకునేవాళ్ళకి అది మంచి గుణమేమీ కాదు.

ఆయనకి ఇంకో నియమం ఉండేది, అన్నిటికంటే కష్టమైనది. యూనివర్సిటీ నుంచి వచ్చే ఎగ్జామినర్‌కి చెప్పేముందు, ఏ ఊరి నీళ్ళు పరీక్ష చేశామో ఆ ఊరికి వెళ్ళి, ఆ నీళ్ళు తాగే మనుషుల్ని కూర్చోబెట్టి, ఏం తేలిందో తెలుగులో చెప్పాలి. వాళ్ళు అడిగినవాటికి జవాబులివ్వాలి. “మొదటి వైవా ఊళ్ళో. ముందు ఊళ్ళో చెప్పి రండి, తరవాతే ఎగ్జామినర్ సంగతి” అనేవారు. ఆ వైవాకి భయపడ్డట్టు మేం ఏ పరీక్షకీ భయపడలేదు.

నా మొదటి వైవా గురజాల వైపు ఒక ఊళ్ళో, బడి వరండాలో జరిగింది. లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు ఉండాలి, ఇన్ని ఉన్నాయి అని మొదలుపెట్టాను. ఒక పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. “ఏందమ్మా, మా నీళ్ళు బాగాలేవని ఊరంతా చాటి పోతే, రేపు మా ఊరికి పిల్లనెవరిస్తారు?” అన్నాడు. సార్ లేచి ఆయన పక్కకి వెళ్ళి కూర్చున్నారు. “పెదనాన్నా, పేపరోళ్ళకి చెప్పం. మా రిపోర్టులో మీ ఊరి పేరు కూడా రాయం. మీ నీళ్ళ సంగతి మీకు తెలియాల. అందుకే ముందు మీకాడికి వచ్చినాం” అన్నారు. “తెలిసి ఏం చెయ్యాల?” అన్నాడు పెద్దాయన. “అది నాకూ తెలీదు” అన్నారు సార్. అంత పెద్ద సార్ అంతమంది ముందు తెలియదనడం నేను చూడటం అదే మొదటిసారి. పెద్దాయన మాత్రం ఆ మాటతో చల్లబడి, మిగతాది చదవమన్నాడు.

ఎప్పుడూ ఏమీ జరగలేదని అంటే అబద్ధం అవుతుంది. ఒక బ్యాచ్ పిల్లలు, ఊరివాళ్ళు ఒప్పుకున్నాక, తమ రిపోర్టు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగితే ఒక ఊరికి నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు వచ్చింది. రిబ్బను కత్తిరించిన ఫొటోలో మా పిల్లలు ఎక్కడో వెనక ఉన్నారు. ఆ రోజు సార్ ల్యాబులో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించి, ఆయన కూడా కారంతో కళ్ళు తుడుచుకుంటూ తిన్నారు. కొన్నాళ్ళకి నేను, ఆయన అదే ఊరికి మళ్ళీ వెళ్ళాం. ప్లాంటు గదికి తాళం వేసి ఉంది. ఫిల్టరు పాడైతే మార్చే నాథుడు లేడట, మోటారు కాలిపోయిందట. కిటికీలోంచి చూస్తే లోపల ఎండుమిరప కుక్కిన టిక్కీ బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. బోరు దగ్గర మళ్ళీ బిందెలు వరసకట్టాయి. మేం సీసా పట్టుకుని వాళ్ళ వెనక నిలబడ్డాం.

తిరిగొస్తూ కోటప్పకొండ రోడ్డులో టీ కోసం ఆగాం. ఆయన టీ గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మర్చిపోయారు. “ఎన్ని బ్యాచ్‌లు పోయినయ్యి మన చేతుల మీదగా. పిల్లకాయలంతా మార్కులతో బైటపడ్డారు. ఊళ్ళు మాత్రం యాడియి ఆడనే ఉండయ్యి” అన్నారు. “మానేద్దామా సార్?” అన్నాను. నిజంగానే అడిగాను. ఆయన చల్లారిన టీ పారబోసి గ్లాసు బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత కూడా ల్యాబుకి వచ్చేవారు గానీ, పిల్లల్ని ఎక్కించుకుని హుషారుగా స్కూటరు తీసే మనిషి మళ్ళీ కనపడలేదు. సగం పనిలో ఆగిపోయి కిటికీ వైపు చూస్తూ ఉండిపోయేవారు. ఆయన గుండె జబ్బుతో పోయారని డాక్టరు అన్నాడు. కాదనడానికి నేనెవర్ని?

ఈ సంవత్సరం మా కాలేజీలో కెమిస్ట్రీ గ్రూపు మూసేస్తున్నారు. చేరేవాళ్ళు లేరు. ఉన్నది ముగ్గురే, ఇద్దరమ్మాయిలు, ఒకబ్బాయి. ప్రాజెక్టు బదులు ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ చాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది, వాళ్ళ మార్కులు కూడా వేసేశారు. అయినా సార్ పిలిస్తే ముగ్గురూ కాదనలేదు. మాచవరం అవతల ఒక ఊళ్ళో బోర్లన్నిటినుంచీ నీళ్ళు తెచ్చి పరీక్ష చేశారు. ఒక్క బోరు కూడా బాగాలేదు. ఆదివారం బడి ఖాళీగా ఉంటుంది, అప్పుడొచ్చి చెబుతామని సార్ ఆ ఊరివాళ్ళకి మాటిచ్చారు. ఇంతలో శుక్రవారం వచ్చింది.

సాయంత్రం దహనానికి ఇరవై మందిమి ఉంటామేమో. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మాత్రం దండాలు పెట్టే బొమ్మలు వరసగా పడుతూనే ఉన్నాయి. శ్మశానం బయట కాలేజీ ఇన్‌చార్జ్‌గారు నా దగ్గరికి వచ్చి, “ఆ ఊరి ప్రోగ్రాం ఇంకెందుకమ్మా, మార్కులు ఎట్టాగూ వేశాం గదా. ల్యాబు కూడా వచ్చే నెల కంప్యూటర్లకి ఇస్తున్నాం” అన్నారు. ఆయన మంచివాడే, నా మంచికే చెప్పారు. నాకూ వెళ్ళాలని లేదు. ఆయనే లేనప్పుడు ఎవరికోసం వెళ్ళడం అనిపించింది. పక్కనే ఉన్న మా ప్రాజెక్టు అమ్మాయిల్లో ఒకతి, “చెబుతామని చెప్పొచ్చాం గదా మేడం” అంది. అంతే, ఇంకేమీ అనలేదు.

పిడుగురాళ్ళ మీదుగా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం. ఎండ మాడిపోతోంది. బడి వరండాలో జనం అప్పటికే కూర్చుని ఉన్నారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. “సారేడమ్మా?” అని అడిగింది ముందు కూర్చున్న ముసలావిడ. చెప్పాను. కొందరు అయ్యో అన్నారు. ముసలావిడ కొంగుతో మొహం తుడుచుకుని, “వచ్చే ఎండాకాలం మళ్ళీ వచ్చి చూస్తానన్నాడే. ఇంకెవరొస్తారు?” అంది. ఎవరూ రారని నాకు తెలుసు. ఆ మాట నోటితో అనలేక, అబ్బాయిని చదవమన్నాను.

వాడు చక్కగా చదివాడు. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు. ఏ వీధి బోరులో ఎంతో, ఎంతవరకు ఉండొచ్చో, ఎక్కువైతే పళ్ళకీ కీళ్ళకీ ఏమవుతుందో అన్నీ సార్ నేర్పినట్టే చెప్పాడు. సార్ ఉంటే సంతోషించేవారు. చదవడం అయ్యాక, వెనకనుంచి చంటిబిడ్డనెత్తుకున్న ఒకావిడ, “అయితే ఈ బోర్లలో ఏ బోరు తాగాలమ్మా?” అంది. అబ్బాయి నా వంక చూశాడు. నేను కాగితం వంక చూశాను. “ఏదీ మంచిది కాదమ్మా” అన్నాను. “క్యాన్లు కొనుక్కునేదానికి మాకాడ ఏముంది? మరి ఏం తాగమంటారు?” అంది. కోపంగా అనలేదు, తెలుసుకుందామనే అడిగింది. నాకు తెలియదని చెప్పాను. సార్ అదే మాట అన్నప్పుడు ఎదుటివాళ్ళు చల్లబడటం చూశాను. నేనన్నప్పుడు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

ఆటో కోసం గోడ నీడన నిలబడి ఉంటే ముసలావిడ ఇంట్లోకి వెళ్ళి వచ్చింది. చేతిలో చెంబు, నాలుగు స్టీలు గ్లాసులు. “చానా దూరం ఎండన పడొచ్చారు. మంచినీళ్ళు తాగండి తల్లీ” అంది. ముగ్గురు పిల్లలూ గ్లాసులందుకుని నా మొహంలోకి చూశారు. నేను తాగాను. వాళ్ళూ తాగారు. ఆవిడ ఖాళీ గ్లాసులు తీసుకుని, చెంబు కాస్త వంచి, “ఇంకాసిని పొయ్యమంటారా?” అని అడిగింది.