చన్నీళ్లలో తమ్ముడు

నేను చదివింది వీధిబడిలోనే. అయినా ముప్పై ఏళ్లు ఓడల అడుగున నాచు గీకాను, మునిగిన పడవలు మూడింటిని పైకి తీశాను. రేవులో నా అంతటివాడు లేడని ఇప్పటికీ చెప్పుకుంటారు. నా తర్వాత ఆ పనిలో దిగినవాడు మా తమ్ముడు. వాడికి కండల పిచ్చి. కొవ్వు కొలిచే పట్టుకారుతో రోజూ పొట్ట పట్టి చూసుకునేవాడు.

"ఐదు శాతమే అన్నయ్యా! నీ పొట్టకైతే ఈ పట్టుకారు చాలదు."

"నవ్వరా, నవ్వు. చన్నీళ్లలో నన్ను కాపాడింది ఈ పొట్టే. చలికాలం వస్తోంది, కాస్త ఒళ్లు చెయ్యి."

"ఇంకొక్క శాతం తగ్గి ఆపేస్తాలే."

చలి మొదలైన రోజున వాడు నీళ్లలోకి దిగితే, గట్టున తాడు పట్టుకుని నేను కూర్చున్నాను. నేను రెండుసార్లు లాగితే, బాగున్నానని వాడూ రెండుసార్లు లాగాలి. లాగాను. జవాబు లేదు. మళ్లీ లాగాను. తాడు ఒక్కసారి నీరసంగా కదిలింది. వెంటనే పైకి లాగేశాను. వాడి పెదవులు నల్లబడ్డాయి. వేళ్లు బిగుసుకుపోయాయి. కంబళ్లు కప్పినా వణుకు ఆగలేదు.

మాట రాగానే వాడు అడిగింది పట్టుకారు.

"వణికితే కొవ్వు కరుగుతుందట అన్నయ్యా. నాలుగు శాతమైందేమో చూడు."

చలి ఇంకా ముదరనే లేదు.