అత్త కుట్టని పరుపు

పోయిన మంగళవారం నాలుగో తరగతి పిల్లలకు భిన్నాలు చెబుతుండగా హెడ్మాస్టరు గారు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆయన ఊరికే వచ్చి నిలబడే మనిషి కాదు. మా వీధిలో పరుపులు కుట్టే పెద్దావిడ పొద్దున్నే పోయిందని మావారు ఫోన్ చేశారట. బోర్డు మీద నాలుగు ముక్కలు చేయాల్సిన రొట్టె సగమే గీసి ఉంది. పిల్లలు నా మొహం చూస్తున్నారు. మిగతా సగం గీసి, లెక్క పూర్తి చేసి, పిల్లల్ని ఆటకు పంపి, అప్పుడు ఏడ్చాను. అత్త అయినా అలాగే చేసేది. కుట్టు మధ్యలో దబ్బనం వదిలి లేవడం ఆమెకు అసలు గిట్టదు.

ఆమె నాకు చుట్టం కాదు. వరంగల్లులో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేది. వీధి వీధంతా పరుపులత్త అనేవాళ్లం. భర్త ఉన్నన్నాళ్లు ఆయన మిషను మీద దూది ఏకేవాడు, ఈమె కుట్టేది. ఆయన పోయాక రెండు పనులూ ఈమే చేసుకుంది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి బయల్దేరినా కొప్పులో ఎక్కడో ఒక దూది పోగు అంటుకునే ఉండేది. మేం చూపిస్తే తీసేది కాదు. "ఉండనియ్, నా పనేందో దేవునికి తెల్వదా" అనేది.

పరుపు కుట్టడం అయిపోయాక ఆమెకు ఒక పద్ధతి ఉండేది. వాకిట్లో చాప వేసి, దాని మీద పరుపు పరిచి, తానే వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకునేది. పక్కన పెట్టిన టీ చల్లారేంతసేపు అలాగే ఉండేది. లేచి, "నా వీపు ఒప్పుకున్నది, తీస్కపోండ్రి" అన్నదంటే ఇక ఆ పరుపుకు వంక పెట్టినవాళ్లు లేరు. పెళ్లి పరుపుల మీద కూడా ముందు ఈమే పడుకుంటుందని వీధిలో మగవాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వేది, పద్ధతి మాత్రం మానలేదు.

ఆరేళ్ల కిందట నెక్కొండ దారిలో నా స్కూటీ బోల్తా పడింది. వెన్నుపాము దెబ్బతిన్నది. నడుము కింద నుంచి కాళ్లు కదలవు. వేడి, చలి, నొప్పి, ఏదీ తెలియదు. నెలల తర్వాత దవాఖాన నుంచి ఇంటికి వచ్చేసరికి నాలో మిగిలింది ఒకటే పంతం, మళ్లీ బడికి పోవాలి. మావారు బస్సు కండక్టరు. చీకటి ఉండగానే డ్యూటీకి వెళ్లాలి. ఆయన వెళ్లాక నన్ను మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఎత్తేవాళ్లు ఇంట్లో లేరు. అంటే నేనే లేవాలి. లేవలేకపోతే బడి లేదు. బడి లేని నన్ను నేను ఊహించుకోలేకపోయాను. పదహారేళ్లు సుద్దముక్క పట్టిన చెయ్యి ఇది, పైకప్పు చూస్తూ పడుకోమంటే వింటుందా?

అత్త చూడ్డానికి వచ్చి, నన్ను కాదు, ముందు నా పరుపును చూసి పెదవి విరిచింది. వారం తిరక్కుండా బూరుగు దూది తెప్పించి కొత్తది కుట్టింది. ఎప్పటిలాగే వాకిట్లో పడుకుని చూసింది. మామూలు కంటే ఎక్కువసేపే పడుకుంది. దూది ఒకచోటికి చేరకుండా పరుపంతా జానెడు దూరానికి ఒకటి చొప్పున దబ్బనంతో గుచ్చి ముడులు వేస్తారు కదా, వాటిని కూడా మరింత బిగించి వేసింది. నేను రోజంతా దాని మీదే ఉంటాను కాబట్టి పరుపు గట్టిగా నిలవాలని ఆమె ఆలోచన. ప్రేమ ఎక్కువై బిగించిన ముడులవి.

మూడు వారాలు గడిచాయి. మావారు ఒళ్లు తుడుస్తూ వెన్ను కొస దగ్గర ఎర్రటి మచ్చ చూశారు. సరిగ్గా ముడి ఎంత ఉందో అంత. రెండు రోజుల్లో నల్లబడింది, ఆ తర్వాత పుండయింది. మామూలు మనిషైతే నిద్రలోనే అటో ఇటో కదులుతాడు. నాకు ఆ నొప్పి కబురు అందదు, అందినా కదలలేను. డాక్టరు నన్ను బోర్లా పడుకోబెట్టారు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, పుండు మానేదాకా కూర్చోకూడదు అన్నారు. జూన్‌లో బడి అనుకున్నదాన్ని, ఆ జూన్‌లో తలగడలో మొహం పెట్టుకుని పిల్లల ప్రార్థన గంట విన్నాను. మా బడి వీధి చివరే మరి.

ఆ కోపమంతా అత్త మీద పోసేశాను. ఆమె పలకరించడానికి వస్తే, నన్ను స్కూటీ కన్నా నీ పరుపే ఎక్కువ పడగొట్టింది అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తుంది. ఆమె కత్తెర అడిగి తీసుకుని, పక్కన పడేసిన ఆ పరుపును పెరట్లోకి ఈడ్చుకెళ్లి ఒక్కో ముడీ కోసింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అన్నీ కోశాక లోపలికి వచ్చి నా తల దగ్గర కింద కూర్చుంది.

"నా వీపునడిగిన బిడ్డా, నీ వీపునడుగలే. అడిగినా అది చెప్పదు గదా. గీ సంగతి నాకు తట్టకపాయె."

ఆ తర్వాత ఆమె ఆ పరుపు ఊసెత్తలేదు, అలాగని ఊరుకోనూ లేదు. పెద్ద దవాఖానలో వెన్ను దెబ్బల వార్డు ఎక్కడుందో కనుక్కుని, టిఫిన్ డబ్బా కట్టుకుని పోయి కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట్లో ఎవరి తాలూకు అని అడిగేవారట. తర్వాత అడగడం మానేశారట. అక్కడ కసరత్తులు చేయించే మేడం దగ్గర ఒక పని నేర్చుకుని వచ్చింది. మనిషి పడుకున్నాక ఒంటికీ పరుపుకీ మధ్య అరచెయ్యి పైకి పెట్టి దూర్చాలి. వెన్ను కొస దగ్గర, తుంటి దగ్గర, మడమల దగ్గర. "నా వేళ్లు నలుగుతానయంటే నీ తోలు నలుగుతాన్నట్టు" అని వివరించింది. పరుపు మీంచి తీశాక చర్మం చూడాలి, ఎరుపు ఉంటే అది ఎంతసేపటికి పోతుందో కనిపెట్టాలి. ఇంకో మాట కూడా ఆమే చెప్పింది. దూది నాకు పనికిరాదట, నాలుగు రోజులకు అణిగిపోయి గడ్డ కడుతుందట. బతుకంతా దూదితోనే బతికిన మనిషి, తన చేతి పనిని పక్కకు జరిపి నాకు ఆ మాట చెప్పింది. నేను ఆమె కాళ్లకు దండం పెట్టాల్సింది ఆ రోజే. పెట్టలేదు, ఇంకా కొంచెం అలక మిగిలి ఉంది.

మరుసటి ఎండాకాలానికి పుండు పూర్తిగా మానింది. డాక్టరు సరేనన్నాక, మావారికి సెలవున్న రోజు చూసి అత్త మమ్మల్ని హన్మకొండలో పరుపుల షాపుకు తీసుకెళ్లింది. యజమాని మర్యాదస్తుడు. చేత్తో నొక్కి చూపించి, ఇదైతే మబ్బు మీద పడుకున్నట్టే ఉంటుందన్నాడు. అత్త ప్లాస్టిక్ కవరు తీయించి నన్ను దాని మీద పడుకోబెట్టించింది. ఎంతసేపు పడుకుంటారమ్మా అని ఆయన అడిగితే గంట అన్నది. గిరాకీ వచ్చే వేళ అని ఆయన నసిగాడు.

"రానియ్ సేటూ. పరుపు మీద మనిషి పండుకుంటే తప్పేమున్నది? ఈమె వీపు చెప్పదు, జర టైం బడ్తది."

ఆ మబ్బు మీద అత్త వేళ్లు నలగలేదు. కానీ నేను బురదలో దిగిన గేదెలా కూరుకుపోయాను. చేతులు ఊని ఎంత గింజుకున్నా పక్కకు తిరగలేకపోయాను. రెండోది నడుము నొప్పులవాళ్లు కొనే గట్టి పరుపు. దాని మీద సులువుగా కదిలాను, అయితే అత్త చెయ్యి బయటికి తీసి చూపిస్తే వేళ్ల మీద అచ్చులు పడి ఉన్నాయి. మూడోది కింద గట్టి ఫోము, పైన బెత్తెడు మందాన మెత్తటిది. అత్త చెయ్యి దూర్చి చాలాసేపు కళ్లు మూసుకుంది. మడమల దగ్గర చూసింది, మళ్లీ వెన్ను దగ్గరికి వచ్చింది. చెయ్యి తీసి, తిరగమన్నట్టు చూసింది.

ఎడమ చేత్తో పరుపు అంచు పట్టుకున్నాను. కుడి చెయ్యి గాల్లోకి విసిరాను, రెండుసార్లు తప్పింది, మూడోసారి భుజం వెంట నడుము వచ్చింది, నడుము వెంట ఆ బద్ధకపు కాళ్లు కూడా ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. దెబ్బ తగిలాక మొదటిసారి, ఎవరూ ముట్టుకోకుండా, నేను పక్కకు తిరిగాను. నడి షాపులో, మంచాలు కొనడానికి వచ్చిన ఒక పెళ్లివారి ముందు. మావారు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. నేను మాత్రం ఏడవలేదు. పదో తరగతిలో ఫస్టు వచ్చినప్పుడు కూడా నాకు అంత గర్వం కలగలేదు. ఇటు తిరిగి, మళ్లీ అటు తిరిగి, అడగకపోయినా ఇంకోసారి తిరిగి చూపించాను. సేటు వచ్చి మా వైపు ఫ్యాను తిప్పాడు.

పరుపు ఇంటికి వచ్చాక అత్త అసలు పని మొదలైంది. షాపువాళ్లిచ్చిన బిర్రు కవరు తీసేసి, సాగే బనీను గుడ్డతో తానే గలేబు కుట్టింది. కుట్లన్నీ అంచులకే, మధ్యలో ఒక్కటీ లేదు. దుప్పటి నవారులా బిగలాగి పరిస్తే మెత్తటి ఫోము కూడా గట్టిపడుతుందని మావారికి క్లాసు పీకింది. మంచం నా కుర్చీ కన్నా నాలుగు వేళ్లు ఎత్తుగా ఉందని వడ్రంగిని పిలిచి కోళ్లు కోయించింది. ఆ తర్వాత రెండు నెలలు రోజూ పొద్దున వచ్చి గుమ్మంలో నిలబడేది, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. నేను మంచానికీ కుర్చీకీ మధ్య చెక్క వేసుకుని, చేతుల మీద జరుగుతూ, ఎన్నోసార్లు మధ్యలో ఆగిపోయాను. ఒకసారి పట్టుకోమని బతిమాలాను కూడా. కదల్లేదు. "నేను పట్టుకుంటె నాకొస్తది లేసుడు, నీకు రాదు" అన్నది. ఆ రోజు ఆమెను తిట్టుకుంటూనే కుర్చీలో పడ్డాను. అదే మొదటిసారి.

ఆ జూన్‌లో బడి తెరిచిన రోజు మావారు డ్యూటీకి వెళ్లిపోయాక, నా అంతట నేను లేచి, చీర కట్టుకుని, కుర్చీ తోసుకుంటూ వీధి చివరిదాకా వెళ్లాను. ఇప్పటిదాకా ఆ పుండు మళ్లీ రాలేదు.

సంగతి పాకింది. ములుగు వైపు నుంచి తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడొకాయన అత్తను వెతుక్కుంటూ వచ్చాడు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మేడ మీంచి పడ్డ ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. నా పరుపు లాంటిదే కావాలని వాళ్లు అడిగితే అత్త ఒప్పుకోలేదు. ఈమెది ఈమెకే, నీది నువ్వు పండుకుని చూడాలె అన్నది. గీత కార్మికుడి ఒళ్లు పెద్ద దవాఖాన వార్డులో తనకు తెలిసిన ఒక మగ నర్సు చేత చూపించింది, అమ్మాయికి తానే చెయ్యి దూర్చింది. ఇద్దరికీ వేర్వేరు పరుపులు కుదిరాయి. అమ్మాయి ఇప్పుడు పోటీ పరీక్షలు రాస్తోంది. ఆ అన్న ఇంటి ముందు చిన్న కిరాణా నడుపుతున్నాడు.

అత్తను మట్టి చేసిన రోజు తెల్లవారుజామున వాన పడి వెలిసింది. మావారు పెట్టె మోసేవాళ్లలో ఉన్నారు కాబట్టి ముందే వెళ్లిపోయారు. నేను లేచి తయారై ఆటోలో వెళ్లాను. సమాధుల తోట గేటు దగ్గర ములుగు అన్న, ఘన్‌పూర్ అమ్మాయి అప్పటికే తమ కుర్చీల్లో ఉన్నారు. లోపల దారంతా ఎర్రటి బురద. చర్చివాళ్లు నలుగురైదుగురు పరుగెత్తుకొచ్చి, ఎత్తుకుని తీసుకెళ్తాం రండి అన్నారు.

"వద్దు తమ్మీ" అన్నాడు ములుగు అన్న. "మమ్ముల లేపింది ఆమెనే. మేమే పోతం."

పాస్టరు గారు మా కోసం ప్రార్థన ఆపి నిలబడ్డారు. చాలాసేపే పట్టింది. చక్రాలు దిగబడ్డాయి, వెనక్కి లాగి మళ్లీ తోసుకున్నాం, మోచేతుల దాకా మట్టయింది, చివరికి ముగ్గురం గుంత అంచు దాకా వెళ్లి మా చేతులతో మట్టి వేశాం. అందరూ వెళ్లిపోయాక తిరిగి వస్తూ చూశాను. గేటు నుంచి అత్త దాకా వందల అడుగుల గుర్తులు, వాటి మధ్య మూడు కుర్చీల చక్రాల గీతలు, ఎక్కడా తెగకుండా.