గాజు సీసాలో మేకులు

మా వీధి చివర సైకిల్ షాపు తాత పోయాడని మొన్న పొద్దున పాలాయన చెప్పాడు. అప్పుడు నేను చంద్రగిరి పోవడానికి సైకిలుకు గాలి కొడుతున్నాను. పంపు అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఆయన విషయంలో నేను సరిచేయాల్సిన తప్పొకటి మిగిలిపోయింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూడటం అందరూ చేసేదే. తాత అంతటితో ఆగేవాడు కాదు. ట్యూబును టైరు మీద పరిచి, చిల్లికి ఎదురుగా టైరు లోపల గుడ్డతో మెల్లగా తుడిచేవాడు. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు.

"ట్యూబును తిట్టి ఏం లాభమబ్బా, కుట్టింది టైరులోనే కూసోనుండాది" అనేవాడు. తీసిన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఏ దోవన వచ్చినావు?" అని మనల్ని అడిగి, గాజు సీసాలో వేసేవాడు.

ఆ సీసాయే నా బుద్ధి చెడగొట్టింది. ఒకే వారంలో నా సైకిలు మూడుసార్లు పంక్చరయింది. చదివిన విప్లవాల చిన్న పుస్తకాలన్నీ తలలో ఉడుకుతున్న రోజులవి. ప్రతి కష్టం వెనకా ఒక దోషి ఉండితీరాలి. ఈయన దగ్గరేమో సీసా నిండా మేకులు. బేరం కోసం ఈయనే అలిపిరి రోడ్డు మీద చల్లుతున్నాడని కరపత్రం రాసి, షాపు ఎదుటి స్తంభానికే అంటించాను. నాలుగు రోజుల్లో బేరాలు పలచబడ్డాయి.

తాత ఆ కాగితం చేత్తో పట్టుకుని నన్ను పిలిచాడు.

"అక్షరాలు గుండ్రంగా ఉండాయి నాయకుడా. అయితే సల్లేది ఎవుడో నాకూ తెలుసుకోవాలనుండాది. రేపు పొద్దున్నే రా, ఇద్దరం పట్టుకుందాం."

వెళ్లాను. పాత స్పీకరులోని అయస్కాంతానికి తాడు కట్టి, కుక్కపిల్లను నడిపించినట్టు రోడ్డంచున లాక్కుంటూ నడిచాడు. రోజూ చేసే పనేనట. ఒకచోట సన్నటి తీగముక్కలు అంటుకున్నాయి. "ఈడ లారీ టైరు పగిలిండాది, దాని లోపలి తీగలివి" అన్నాడు. పందిరి విప్పినచోట మేకులు. కంప నరికినచోట తుమ్మముళ్లు. అవి అయస్కాంతానికి రావు కదా, వంగి చేత్తో ఏరాడు. నేను మనిషి కోసం చూస్తూనే ఉన్నాను. దోషి దొరకలేదు. దానికీ నాకు కోపమే వచ్చింది.

"అన్నీ ఏరేస్తే నీకు బేరం ఎట్లా తాతా?"

"నీ మాదిరి గాలి సాలకుండా తొక్కేటోళ్లు ఉండారు కదప్పా. రాయి తగిలితే రిమ్ము కింద ట్యూబు నలిగి సస్తాది."

నా కరపత్రం తప్పని ఇంకొకటి అంటిస్తానన్నాను. ఆయన సొల్యూషన్ పూసిన ట్యూబు చూపించి, "ఆరనీ. తడిమీద అతుకేస్తే నిలవదు" అన్నాడు. ఆ మాటను నాకు అనుకూలంగా తీసుకుని ఈ ఆర్నెల్లూ ఊరుకున్నాను. మరీ ఆరనిస్తే దుమ్ము పట్టి అసలే అంటదని ఇంకోరోజు చెప్పాడు. విననట్టు ఉన్నాను. మన వీధిలో నా పాత మాట నమ్ముతున్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు ఇప్పుడు చెబుతున్నాను: ఆయన ఒక్క మేకు కూడా చల్లలేదు. ఆ రాత నాది.

మొన్న మధ్యాహ్నం పాడె కడుతుండగా, మోసేవాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తారని గుర్తొచ్చింది. షాపులో కొక్కేనికి వేలాడుతున్న అయస్కాంతం తీసుకుని, శ్మశానం దాకా ఆ దోవంతా ముందుగా లాక్కుంటూ నడిచాను. చివర చూస్తే గోరంత తీగముక్క ఒకటి అంటుకుని ఉంది. వేళ్ల మధ్య తిప్పి చూశాను. ఏ దోవన వచ్చినావని దాన్నే అడిగి, వెనక్కి తెచ్చి ఆయన సీసాలో వేశాను.