ఊరి బయట రాక్షసి

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే ఒక షెడ్డులో సర్ఫరాజ్ కటింగ్ మాస్టర్. చేయి కుదురుగా పనిచేస్తుంది గానీ నోటికి మాత్రం అదుపు లేదు. కబుర్లు మొదలుపెట్టాడంటే మిషన్ల చప్పుడు కూడా అతన్ని ఆపలేదు. బెంగళూరులో ఉన్న రెండేళ్లలో పక్క గదివాళ్ల దగ్గర ఒక ఆట నేర్చుకొచ్చాడు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు అందులో తలా ఒక పాత్ర అయి తామేం చేస్తారో చెబుతారు, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. ఆదివారం మధ్యాహ్నం కటింగ్ బల్లే వాళ్ల రాజ్యం. దానిమీద సుద్దముక్కతో కోటలూ కొండలూ గీసేవాడు.

షెడ్డులోనే పనిచేసే బయ్యన్న ఆటలో విలుకాడు, సుష్మ మంత్రగత్తె. జిప్పులు కుట్టే సువార్త ఆటలో కొత్తగా చేరింది.

"నేను రాక్షసినైతా అన్నా. కొమ్ములుండాల" అంది.

రాక్షసజాతి పాత్ర కావాలంటే కథ చెప్పేవాడు ఒప్పుకోవాలి. సర్ఫరాజ్ నసిగాడు. "రాక్షసిని ఊర్లోకి ఎవరు రానిస్తారు సువార్తా?"

"ఊరు నీదే గదన్నా. నువ్వు రానిస్తే రానిస్తారు."

ఏదో పెద్ద మనసు చేసుకున్నట్టు పోజుపెట్టి మరీ ఒప్పుకున్నాడు.

మూడు వారాలు ఆట జోరుగా సాగింది. వంతెన కూలితే రాక్షసి బయ్యన్నను భుజానేసుకుని ఏరు దాటించింది కూడా. నాలుగో ఆదివారం ముగ్గురూ దప్పికతో ఒక పట్నం చేరారు. కథ నిజంలా ఉండాలని సర్ఫరాజ్‌కు ఊపు వచ్చింది. సత్రం యజమాని మిగతా ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి లోటాలతో నీళ్లిచ్చాడట. రాక్షసిని గడప బయటే ఆపి దోసిలి పట్టమన్నాడట. సర్ఫరాజ్ లేచి నిలబడి, చేయి పైకెత్తి, చెంబు వంచినట్టు చేసి చూపించాడు. బయ్యన్న పడిపడి నవ్వాడు.

"ఇప్పుడేం చేస్తావు సువార్తా?"

"దోసిలి పట్టినా. తాగినా." బల్లమీది సుద్దగీతలకేసి చూస్తూ అంది, "గుర్రాలకు రెక్కలుండే లోకం గదన్నా నువ్వు కట్టింది. ఆడ కూడా ఇదేనా?"

ఇంట్లో పనుందని లేచి వెళ్లిపోయింది.

అప్పుడు తగిలింది సర్ఫరాజ్‌కు. ఆ చెంబు ఏ ఆట పుస్తకంలోనూ లేదు. పల్లెలో వాళ్ల నాయన టీ హోటలు నడిపేటప్పుడు, ఎస్సీ కాలనీ కూలీలకు నీళ్లు అట్లాగే ఎత్తి పోసేవాడు. సువార్త వాళ్లదీ అలాంటి కాలనీయే. చిన్నప్పుడు రోజూ చూశాడు. అది తప్పని ఇన్నేళ్లలో ఒక్కసారీ అనిపించలేదు. ఎవరూ అడగకుండానే దాన్ని తెచ్చి ఆటలో పెట్టినవాడు తనే. సిగ్గుతో ఆ రాత్రి అన్నం కూడా సహించలేదు.

సోమవారం ఆమె మిషన్ దగ్గర నిలబడ్డాడు. "తప్పయిపోయింది సువార్తా. ఆ పట్నాన్ని కథలోంచి కొట్టేస్తా. మళ్లా ఆడదాం, సత్రమాయన నిన్ను లోపలికి పిలుస్తాడు."

ఆమె తలెత్తలేదు. "ఎట్ల కొట్టేస్తావన్నా? తాగేసినా గదా."

ఇక రాదేమోనని వారమంతా కుమిలిపోయాడు. ఆదివారం ఆమె రాగానే ప్రాణం లేచొచ్చింది.

"దా సువార్తా, కొమ్ములు ఇంకా పెద్దవి చేస్తా ఈసారి" అన్నాడు.

"రాక్షసి వద్దన్నా" అంది సువార్త, తన పాత్ర వివరాలు రాసుకున్న కాగితం అతని ముందుకు జరుపుతూ. "మనిషిని రాసియ్యి. మనిషైతే లోపల కూచోబెడతారు గదా."

సర్ఫరాజ్‌కు ఆమె ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది.